నెట్టు ఎక్కి చూడండి

ప్రిన్సిపాల్ గారికి, కామర్స్ లెక్చరర్లకు, విద్యార్థులకు నమస్కారం. ‘ఆడిటింగ్ చదివితే ఏ ఉద్యోగాలొస్తాయి’ అన్నది నాకిచ్చిన విషయం. చెప్తాను. ముందు ఒక రైసు మిల్లు సంగతి చెప్పనివ్వండి.

నేను సీఏ కోసం ఒక ఆడిటరు దగ్గర పని నేర్చుకునే ఆర్టికల్స్‌లో చేరిన తొలి ఏడాది. ఆ మిల్లుకు సరుకు మీద బ్యాంకు అప్పుంది. మార్చి 31న స్టాకు చూసి రమ్మని మా సారు పంపారు. గోడౌన్ నిండా ఒకదాని మీద ఒకటి పేర్చి నెట్లు కట్టిన ధాన్యం బస్తాలు. పొడవు, వెడల్పు, ఎత్తు లెక్కపెట్టి గుణించాను. రిజిస్టరుతో సరిపోయింది. సంతకం పెట్టబోతుంటే వయసు మళ్లిన హమాలీ ఒకాయన దగ్గరకొచ్చి, “నెట్టు ఎక్కి చూశారా బాబూ?” అని మెల్లగా అని వెళ్లిపోయాడు.

నిచ్చెన వేయించుకుని ఎక్కాను. నాలుగు వైపులా బస్తాలు, నడుమ బావిలా ఖాళీ.

నా గుణకారంలో తప్పు లేదు. ధాన్యమే లేదు. పని పోతుందని తెలిసీ చెప్పిన ఆ మనిషి పేరైనా నేను అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మీ సిలబస్‌లో 1896 నాటి కింగ్‌స్టన్ కాటన్ మిల్ కేసు ఉంటుంది. ఆడిటరు కావలి కుక్కే గానీ వేట కుక్క కాదన్న తీర్పు. అక్కడా గొడవ స్టాకు గురించే. మేనేజరు సర్టిఫికెట్‌ను నమ్మిన ఆడిటర్ల తప్పు లేదన్నారు. కావలి కాసేవాడు లేచి చుట్టూ ఒకసారి తిరగాలా, వద్దా? మీరే చెప్పండి.

2009 జనవరి 7. అప్పటికి మీరంతా చిన్నపిల్లలు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని సత్యం కంప్యూటర్స్ చైర్మన్ లేఖ రాశారు. అదీ అలాంటి నెట్టే. బ్యాంకు నిల్వ ఎంతో ఆడిటరు నేరుగా బ్యాంకుకే రాసి, జవాబు నేరుగా తన ఆఫీసుకే తెప్పించుకోవాలి. ఎక్స్‌టర్నల్ కన్ఫర్మేషన్, ఆడిటింగ్ ప్రమాణాల్లో ఎస్.ఏ. 505. ఛాయిస్‌లో వదిలేసే పాఠం కాదిది. దయచేసి వదలొద్దు.

టైమైపోతోందని చీటీ వచ్చింది. ఉద్యోగాలు త్వరగా చెప్పేస్తాను. సీఏ ఉంది, రెండేళ్ల ఆర్టికల్‌షిప్‌తో. బీకాంలో 55 శాతం వస్తే తొలి మెట్టు ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్‌లో చేరొచ్చు. ఖర్చుల లెక్కల కోర్సు సీఎంఏ ఉంది. కేంద్ర ఉద్యోగాల పరీక్ష సీజీఎల్ రాస్తే, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కింద పనిచేసే ఆఫీసుల్లో ఆడిట్ ఉద్యోగాలున్నాయి. బ్యాంకుల్లో లావాదేవీలు జరుగుతుండగానే చూసే కాంకరెంట్ ఆడిట్, కంపెనీల ఇంటర్నల్ ఆడిట్, కంప్యూటర్లు ఇష్టమైతే సిస్టమ్స్ ఆడిట్.

ఇంకొక్కటి చెప్పకుండా దిగలేను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ చేశారు. కూలీల ఇళ్ల పిల్లలు మస్టర్లు, అంటే హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, “నీ పేరున ఇన్ని రోజుల కూలి రాసుంది, అందిందా అమ్మా?” అని అడిగారు. గ్రామసభలో అందరి ముందూ చదివారు. నేరుగా మనిషినే అడగడం! ఎస్.ఏ. 505 చెప్పేదీ అదే కదా.

ప్రిన్సిపాల్ గారూ, ఒక్క మనవి. ఫైనలియర్ పిల్లల్ని ఏడాదికి ఒక్కరోజు గోడౌన్‌కు పంపండి. బస్సు ఖర్చు నేను పెట్టుకుంటాను. ఈ మార్చి 31న నాతో స్టాకు చూడటానికి వచ్చేవాళ్లు చేతులెత్తండి, పేర్లు ఇప్పుడే రాసుకుంటాను.