పగ పట్టినవాడు ఆ ఇంటి అన్నం తింటే

(పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పాతపట్నం నుంచి, మెళియాపుట్టి నుంచి శ్రమపడి వచ్చిన మిత్రులకు, గుణుపురం నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చిన మాష్టార్లకు, ఇంట్లో ఒడియా మాట్లాడుతూనే మన పండగకి ఎప్పుడూ తప్పకుండా వచ్చే ఇరుగుపొరుగు వారికి, ముందు వరసలో కూర్చున్న తల్లులకు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకు నమస్కారం. అలా నిలబడకండి బాబూ, ఇటు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేను మాట్లాడబోయేది ముఖ్యంగా మీతోనే.

ఆహ్వానపత్రంలో నాకిచ్చిన అంశం గిడుగు రామమూర్తి పంతులుగారి భాషాసేవ. ఆయన పుట్టినరోజున, అందులోనూ ఈ ఊళ్లో, ఆయన మాట ఎత్తకుండా ఎవరూ మాట్లాడలేరు. 1880లో ఇక్కడి రాజావారి బడిలో మేష్టరుగా చేరారు. కొండ మీది సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. తెలుగు పుస్తకం తెలుగువాడి నోటికి దగ్గరగా ఉండాలని పండితులందరితో పోట్లాడారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఈ ఊరు అందులో చేరినప్పుడు, అన్నేళ్లు బతికిన ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇవన్నీ మీకు తెలిసినవే. నా తర్వాత మాట్లాడే మిత్రులు ఇంకా వివరంగా చెబుతారు. నేను మాత్రం ఈసారి వేరే సంగతి చెప్పాలి. కొన్నాళ్లుగా అది నా గుండెలో ముల్లులా ఉంది.

ఈ మధ్య మన వైపే ఒకచోట పిల్లలకి తెలుగు కథల పోటీ పెట్టారు. ఎక్కడ, ఎవరు అనేది అనవసరం. ఇంటర్ చదివే ఒక అమ్మాయి కథ పంపింది. ఆ పిల్ల చదువంతా ఒడియా మీడియంలోనే. తెలుగు అక్షరాలు వాళ్ల మామ్మ దగ్గర నేర్చుకుంది. పెద్దలు ఆ కథని ఒక పేజీ చదివి పక్కన పెట్టేశారు. కాగితం మీద ఒక మాట రాసి వెనక్కి పంపారు. “ఇది మన సంస్కృతి కాదు” అని. ఆ కాగితం నేను చూశాను. ఆ కథ కూడా పూర్తిగా చదివాను.

కథ ఏమిటంటే, ఒకడు డబ్బు తీసుకుని మనుషుల్ని చంపేవాడు. విషం పెట్టడంలో ఆరితేరినవాడు. చచ్చిపోతాడు. మళ్లీ ఒక జమీందారు ఇంట్లో రెండో కొడుకుగా పుడతాడు. వెనకటి జన్మ మొత్తం గుర్తుంటుంది. పెద్దలూ, తల్లులూ, ఇలాంటి కథలు మన పిల్లలు ఫోన్లలో తెగ చదువుతున్నారు. జపాన్ నుంచి, కొరియా నుంచి వస్తున్నాయి. హంతకుడు ప్రభువుల ఇంట్లో పుట్టడం, పాత విద్యలన్నీ చేతిలో ఉండటం, కొత్తగా అమ్మానాన్నలు, అన్నదమ్ములు, వారసత్వం పేచీలు, పెళ్లి సంబంధాలు, విందుల్లో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలనే లెక్కలు. మీ మనవల్ని అడగండి, మీరు ఆపేదాకా చెబుతారు. నేనూ మొదట మొహం చిట్లించి విన్నాను. విన్నకొద్దీ, మనిషి మనసుకి ఇంతకంటే పెద్ద పరీక్ష పెట్టే కథ ఏముంటుంది అనిపించింది.

ఈ అమ్మాయి కథలో ఒక చోటు చెబుతాను. పిల్లవాడికి అయిదేళ్లు. మామ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని పప్పన్నం కలిపి ముద్ద పెడుతుంది. వాడు నోరు తెరవడు. ముందు వాసన చూస్తాడు. రోజూ అంతే. వెనకటి జన్మలో ఎందరికో అన్నంలోనే కలిపి పెట్టిన చెయ్యి వాడిది. మామ్మ ఏమీ అడగదు. మొదటి ముద్ద తను తిని, రెండో ముద్ద వాడికి పెడుతుంది. అప్పటినుంచి రోజూ మొదటి ముద్ద ఆవిడదే. ఎందుకలా చేస్తోందో చెప్పదు, వాడూ అడగడు. కొన్నాళ్లకి వాడు వాసన చూడటం మానేస్తాడు. మామ్మ మాత్రం మొదటి ముద్ద తినడం మానదు.

ఇది మన సంస్కృతి కాదా అయ్యా? మరి ఎవరిది?

నేను తెలుగు చెప్పుకుని బతికినవాణ్ణి. తిక్కనగారి ఉద్యోగ పర్వంలో అంబోపాఖ్యానం ఎన్ని తరగతులకి చెప్పానో. భీష్ముడు కాశీరాజు కూతుళ్లని తమ్ముడి కోసం ఎత్తుకొచ్చాడు. పెద్దమ్మాయి అంబ సాళ్వుణ్ణి వలచింది. భీష్ముడు వదిలేస్తే సాళ్వుడు ఏలుకోనన్నాడు. తిరిగొస్తే భీష్ముడు పెళ్లాడనన్నాడు. ఆవిడ తరఫున పరశురాముడు భీష్ముడితో యుద్ధం చేసినా తేలలేదు. అప్పుడావిడ తపస్సు చేసి, భీష్ముణ్ణి చంపే వరం పుచ్చుకుని, అగ్నిలో దూకి ద్రుపద మహారాజు ఇంట్లో పుట్టింది. శిఖండి! చంపడానికే పుట్టిన బిడ్డ. రాజుగారింట్లో, కూతురై పుట్టి కొడుకుగా పెరిగింది. దశార్ణ రాజు కూతుర్ని తెచ్చి పెళ్లి కూడా చేశారు. అసలు సంగతి బయటపడగానే వియ్యంకుడు సైన్యంతో వచ్చి పడతానన్నాడు. రాణి గడగడలాడింది, ద్రుపదుడు దిక్కులు చూశాడు, తన వల్లే ఇంత అయిందని శిఖండిని అడివికి పోయి ప్రాణం తీసుకుందామన్నంత దుఃఖం కమ్మింది. యక్షుడు స్థూణాకర్ణుడు తన మగతనం అప్పిచ్చి గట్టెక్కించాడు. హంతకుడి పునర్జన్మ ఉంది, రాజకుటుంబం ఉంది, వియ్యంకుల రాజకీయం ఉంది. జపాన్ వాడు ఇవాళ రాస్తున్నదానికి ఇంతకంటే దగ్గరి చుట్టం ఎక్కడ దొరుకుతుంది?

ఆ పరశురాముడు క్షత్రియుల్ని ఇరవై ఒక్క సార్లు నరికి, భూమంతా కశ్యపుడికి ధారపోసి, చివరికి ఎక్కడికి వచ్చి తపస్సు చేసుకున్నాడు? మహేంద్రగిరి. మన జిల్లాలోనే. శివరాత్రికి మనం ఎక్కే కొండే. రాజుల్ని చంపినవాడు గొడ్డలి పక్కన పెట్టి కూర్చున్న కొండ కింద బతుకుతూ, మన పిల్ల అలాంటి కథ రాస్తే మన సంస్కృతి కాదంటామా?

కోపంగా మాట్లాడుతున్నానని అనుకుంటున్నారేమో. అవును, కోపంగానే ఉంది. ఆ పిల్ల మళ్లీ తెలుగులో రాయదేమోనని నా భయం.

పురాణాలు వదిలేద్దాం. మన జమీందారీల సంగతి చూద్దాం. ఇక్కడ పునర్జన్మకి చావక్కర్లేదు. దత్తత చాలు. ఏడేళ్ల పిల్లాణ్ణి తెచ్చి, గోత్రం మార్చి, పేరు మార్చి, గద్దె మీద కూర్చోబెడతారు. కన్నతల్లి జ్ఞాపకం ఉంటుంది, కానీ ఆవిణ్ణి అమ్మా అనకూడదు. చుట్టూ ఉన్న పినతండ్రులకి వాడు కంట్లో నలుసు. మన గంజాం చిన్నకిమిడి జమీందారీ దావా ఇలాంటిదే. జమీందారు పోయాక తమ్ముడు రఘునాథ గద్దె ఎక్కాడు. వితంతువు, భర్త అనుమతి ఇచ్చాడని చెప్పి, వ్రజకిశోరుడనే పిల్లవాణ్ణి దత్తు చేసుకుంది. దావా మద్రాసు దాటి సముద్రం దాటి లండన్‌లో తెల్లవాళ్ల పెద్ద కోర్టు ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1876లో ఆ దత్తత చెల్లుతుందని తీర్పు వచ్చింది. గద్దె మీద ఉన్న పెద్దమనిషి దిగాలి, పిల్లవాడు ఎక్కాలి. ఆ రాత్రి ఆ కోటలో ఆ పిల్లాడికి అన్నం ఎవరు పెట్టి ఉంటారు? తీర్పులో ఆ సంగతి ఉండదు. కథలోనే ఉండాలి.

ఇక అసలు కథకి వస్తాను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, కాస్త ఓపిక పట్టమని మనవి. ఇది చెప్పకుండా దిగలేను.

బొబ్బిలి కథ మీకు జంగం కథగా, బుర్రకథగా తెలుసు. 1757 జనవరి 24. విజయనగరం పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి కోట ముట్టడించాడు. కోటలో ఆడవాళ్లు, పిల్లలు పరువు కోసం కత్తికి, నిప్పుకి బలయ్యారు. బొబ్బిలి రాజు రంగారావు పడిపోయాడు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు డేరాలో దూరి పొడిచి చంపాడు, తనూ చచ్చాడు. మన కథకులు అక్కడితో ఆపి హారతి తీసుకుంటారు. నేను ఆ తర్వాతి నుంచి మొదలుపెట్టమంటున్నాను.

విజయరామరాజు తర్వాత ఆనందరాజు గద్దెనెక్కి, కొద్ది ఏళ్లకే మశూచితో పోయాడు. అప్పుడు చచ్చిపోయిన పెద విజయరామరాజు భార్య ఒక పిల్లవాణ్ణి దత్తు తీసుకుంది. ఆ పిల్లాడికి ఏం పేరు పెట్టారు? విజయరామరాజు! హత్య అయినవాడి పేరే. పిల్లాడి సవతి అన్న సీతారామరాజు అధికారమంతా తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. పేరుకి తమ్ముడు రాజు, చేతికి అన్న రాజు.

ఇప్పుడు ఊహించండి. ఆ పిల్లాడి ఒంట్లో ఉన్నది పాపారాయుడి ప్రాణమైతే?

వెనక ఎవరో వేళ్లు లెక్కపెడుతున్నారు, నాకు కనిపిస్తోంది. పాపారాయుడు పోయేనాటికే ఆ పిల్లాడు పుట్టి ఉన్నాడు కదా, పునర్జన్మ ఎలా అని. మంచి ప్రశ్న బాబూ. మన విక్రమార్కుడి కథల్లో పరకాయ ప్రవేశం ఉంది. ఊళ్లో మశూచి తిరుగుతోంది. పిల్లాడికి జ్వరం, ఒక రాత్రి ప్రాణం పోయినట్టే అయి, తెల్లవారి కళ్లు తెరుస్తాడు. తెరిచేసరికి పక్కన విసనకర్ర పట్టుకుని కూర్చున్నది ఎవరు? తను వితంతువుని చేసిన ఆవిడ. “విజయరామా, జావ తాగు నాన్నా” అంటుంది. తను పొడిచినవాడి పేరుతో పిలుస్తుంది. ఆవిడ చేతి జావ తాగాలి. ఆ ఇంట్లో పెరగాలి. రోజూ ఆవిడ కాళ్లకి దండం పెట్టాలి.

ఇంకా ఉంది. బొబ్బిలి వంశంలో బతికిన రంగారావు కొడుకు చిన్న రంగారావుని విజయనగరం వాళ్లు పట్టుకుని తమ కోటలోనే బందీగా పెట్టారు. ఏళ్ల తరబడి. మన జానపదుల కథ ప్రకారం రంగారావు భార్య రాణి మల్లమ్మ పాపారాయుడి చెల్లెలు. అంటే ఆ ఖైదీ ఎవరు? మేనల్లుడు! పైన గద్దె మీద మేనమామ ప్రాణం, కింద చెరలో మేనల్లుడు. వదిలేద్దామంటే సీతారామరాజు ఊరుకోడు. ఎందుకు వదలాలో పెంచిన తల్లికి చెప్పాలంటే తను ఎవరో చెప్పాలి. చెబితే ఆ తల్లి ఏమవుతుంది? ఇందులో కత్తి ఎందుకూ పనికిరాదు. చిన్నప్పటినుంచి నేర్చిన చంపే విద్య అంతా ఉండీ, నోరు విప్పలేని మనిషి వాడు.

చివరికి ఏమైందో చరిత్ర చెబుతుంది. ఈస్టిండియా కంపెనీవాళ్లు పేష్కషు, అంటే కప్పం, బకాయి కట్టమన్నారు, మచిలీపట్నం పొమ్మన్నారు. విజయరామరాజు పోలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ కర్నల్ ప్రెండర్గాస్ట్ సైన్యంతో పోరాడి చచ్చిపోయాడు. ఆ ఏడాదే బొబ్బిలిని చిన్న రంగారావుకి తిరిగి ఇచ్చారు. చరిత్రకారులకి ఇవి రెండు వేరే సంగతులు. కథకుడికి ఒక్కటే. మేనల్లుడికి ఇల్లు తిరిగి రావాలంటే మేనమామ మరోసారి పోవాలి, ఈసారి ఏ విజయనగరం మీద పగబట్టాడో ఆ విజయనగరం రాజుగా పోవాలి. ఇది ఎవరు రాస్తారు? టోక్యోలో కూర్చున్నవాడికి విజయనగరం కోట తెలియదు, ఆ జావ వాసన తెలియదు. మీకు తెలుసు.

తల్లులారా, మీ అత్తగార్ల దగ్గర, మీ మామ్మల దగ్గర కోట కబుర్లు ఉన్నాయి. కోటలో వంట చేసినవాళ్లు, పల్లకీ మోసినవాళ్లు, రాణివాసానికి పూలు ఇచ్చినవాళ్లు ఈ ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉండేవాళ్లు. ఎవరి వాటాకి ఎవరు అడ్డం వచ్చారు, ఏ రాణి ఎవరి చేతి నీళ్లు తాగేది కాదు, ఏ పిల్లాణ్ణి రాత్రికి రాత్రి ఎక్కడికి పంపేశారు, ఇవన్నీ ఆవిళ్ల నోట్లో ఉన్నాయి. పిల్లల చేతిలో ఫోన్ ఉంది కదా, రికార్డింగ్ నొక్కమనండి. ఒడియా మాటలు కలిస్తే కలవనివ్వండి, శ్రీకాకుళం యాస వస్తే రానివ్వండి. సరిహద్దు గీత అటు పడ్డ రోజునుంచి మనం ఈ ఊళ్లో ఇలాగే మాట్లాడుతున్నాం. గిడుగు వారు పోరాడింది ఈ నోటి భాష కోసమే.

కథల పోటీ పెట్టే పెద్దలకి ఒక్క మనవి. అంశం మీరు ఇవ్వకండి. హంతకుడు వచ్చినా, దెయ్యం వచ్చినా, పూర్తిగా చదవండి. అక్షరదోషాలుంటే దిద్దండి. ఒడియా మీడియం పిల్ల రాసిన తెలుగులో ఒత్తు తప్పితే అది నేరం కాదు. కథ బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో పిలిచి చెప్పండి. మన సంస్కృతి కాదని మాత్రం రాయకండి.

గ్రంథాలయంలో ఒక బీరువా ఖాళీ చేయించాను. పిల్లలు రాసిన కథలు, చేతిరాతవైనా సరే, అందులో ఉంటాయి. తాళంచెవి వాచ్‌మెన్ దగ్గర ఉంటుంది, అడిగినవాళ్లకి ఇస్తాడు.

ఆ అమ్మాయి ఈ సభలోనే ఉంది. మూడో వరసలో మామ్మ పక్కన. రావడానికి ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. తన కథ తెచ్చుకుంది. అధ్యక్షులవారూ, నాకు మిగిలిన సమయం ఆ పిల్లకి ఇప్పించండి. రా అమ్మా. మైకు కొంచెం కిందికి దించండి బాబూ, అందదు. మొదటి పేజీ నుంచే చదువు తల్లీ, ఏమీ వదలకు.