దశాంశాల దగ్గర ఆగండి

అధ్యక్షులకు, సంపాదక మిత్రులకు నమస్కారం. ఉష్ణమండల జీవశాస్త్ర పత్రికలకు సమీక్షకులు దొరకడం లేదన్న విషయం మీద మాట్లాడమన్నారు. క్లుప్తంగా చెప్పేస్తాను: అడవి ఏ దేశానిదైతే ఆ దేశం నుంచి ఒక్క సమీక్షకుడైనా ఉండాలి. ఇక నన్ను అక్షాంశ రేఖాంశాల గోడు చెప్పుకోనివ్వండి: కొత్త జాతిని వర్ణించే వ్యాసంలో అది దొరికిన చోటును ఆ అంకెలతో సహా అచ్చువేస్తాం, వేటగాళ్లూ వాటిని చదువుతారు.

ఇండోనేషియాలోని రోటీ దీవి తాబేలుకు 1994లో కెలోడినా మెకార్డీ అని పేరు పెట్టారు. పెంపుడు జంతువుల వ్యాపారం దాని మీద పడింది, దీవిలో ఆ తాబేలు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1999లో వర్ణించిన గోనియురోసారస్ లుయీ అనే బల్లి తొలిసారి దొరికిన చోటే లేకుండా పోయింది. వేటగాడికి చిరునామా ఇచ్చింది ఎవరు? మనం అచ్చువేసిన పేజీలే కదా!

డిగ్రీల్లో నాలుగో దశాంశ స్థానం అంటే దాదాపు 11 మీటర్లు. చెట్టు దాకా తీసుకెళ్తుంది. ఒక్క స్థానమే ఉంచితే భూమధ్యరేఖ దగ్గర 11 కిలోమీటర్లు. వ్యాపారానికి పనికొచ్చే ఆర్కిడ్, తాబేలు, బల్లి అయితే ఒక్క స్థానం చాలు. ఎంత కుదించామో ‘పద్ధతులు’ భాగంలో రాయాలి. దయచేసి అంకెలను ఇష్టమొచ్చినట్టు పక్కకు జరపకండి. రేపు ఆ జాతి ఎక్కడెక్కడ బతకగలదో లెక్కగట్టే ఆవాస నమూనా కట్టేవారు వాటిని నిజమనుకుంటారు.

అసలు లీకు వేరే చోట ఉంటుంది. వ్యాసంలో దాచి, అనుబంధ ఎక్సెల్‌లో ఆరు దశాంశాలు వదిలేస్తారు. ఫోటో ఫైలులో జీపీఎస్ అలాగే ఉండిపోతుంది. కృతజ్ఞతల్లో దారి చూపిన ఊరి పేరు. జన్యు క్రమాలను అందరికీ అందుబాటులో ఉంచే జెన్‌బ్యాంక్ నమోదులో పూర్తి అంకెలు. అన్నిటికంటే మోసం చేసేది ఎత్తు: 1,340 మీటర్లు అని రాస్తే, కుదించాక మిగిలిన ఆ 11 కిలోమీటర్ల గడిలో అంత ఎత్తు కొండ ఒక్కటే ఉంటే, దాచి ఏం లాభం? 1,200–1,400 అనండి. ప్రీప్రింట్, అంటే సమీక్ష కాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి, ముందే బయటికొచ్చిందేమో కూడా రచయితను అడగాలి. సమీక్షకు పంపకముందే అడగాలి, ప్రూఫుల దశలో కాదు.

‘స్థలం దాస్తే పేరు చెల్లదు కదా’ అంటారు రచయితలు. చెల్లుతుంది. జంతు నామకరణ నియమావళి కొత్త జాతికి హోలోటైప్‌ను, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిచే ఒక్క నమూనాను, నిర్దేశించమంటుంది, దాన్ని ఏ సేకరణలో ఉంచారో చెప్పమంటుంది. దొరికిన చోటి వివరాలు అందులో సిఫార్సు మాత్రమే. కచ్చితమైన అంకెలు మ్యూజియం రిజిస్టరులో భద్రంగా ఉంటాయి. అడిగినవారికి ఇవ్వాలా వద్దా అన్నది మ్యూజియం అధికారి, ఆ అడవిని కాపాడే శాఖ కలిసి తేల్చాలి. ఆ సంగతి, ఎవరికి రాయాలో సహా, ‘దత్తాంశ లభ్యత’ ప్రకటనలో ఒక వాక్యంగా వేయండి.