పదును చూసి పార పట్టాలి

శ్రోతలందరికీ నమస్కారం.

దసరా వెళ్లింది, దీపావళి వస్తోంది. నాలుగు నెలల వానలు తిన్న పెరటి మడి ఎలా ఉందో ఒకసారి వెళ్లి చూడండి. బెండ మొక్కలు నడుం దాటి పెరిగి, ఆకులు పండి, చివర రెండు ముదురు కాయలతో నిలబడి ఉంటాయి. సాళ్ల మధ్య తుంగ, గట్టు మీద గరిక, గోడ వారన వయ్యారిభామ. పండక్కి ఇల్లు శుభ్రం చేసే చేత్తోనే మడి కూడా బాగుచేద్దామని చాలామంది పార పట్టుకుంటారు. మంచి పనే. కాని వాన వెలిసిన మర్నాడే మాత్రం తవ్వకండి.

గుంటూరు వైపు ఎక్కువగా నల్లరేగడి. తడి మీద తవ్వితే పారకు అంటుకుంటుంది, పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది. ఆ పెళ్లలు ఎండాయంటే ఇక రాళ్లే. వాటి మధ్య మెంతి గింజ కాదు కదా, ఏ సన్న విత్తనమూ సరిగా మొలవదు. బెజవాడలో కృష్ణలంక, రాణిగారితోట లాంటి ఏటి ఒడ్డు నేలల్లో ఇసుకపాలు ఎక్కువ కాబట్టి తొందరగా ఆరుతాయి. కొత్త కాలనీలది ఇంకో ఇబ్బంది. స్థలం మెరక చేయడానికి తోలించిన గ్రావెల్ మీదే మొక్కలు పెడుతుంటారు. అక్కడ ఎంత తవ్వినా లాభం ఉండదు, పైన అడుగు మందాన మంచి మట్టి పోయించుకోవాల్సిందే.

పదును, అంటే తవ్వడానికి సరిపడే తేమ, నేలలో ఉందో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో బిగించండి. ఆ ముద్దను బొటనవేలితో నొక్కితే విరిగి పొడిగా రాలిందా, తవ్వొచ్చు. వేలిముద్ర పడి ముద్ద ముద్దలాగే ఉందా, ఇంకో రెండు రోజులు ఆగి మళ్లీ చూడండి.

ఈలోపు ఏది తీయాలో, ఏది ఉంచాలో తేల్చుకోండి. ముఖ్యంగా చిక్కుడు పాదు జోలికి వెళ్లకండి. జూన్‌లో పెట్టిన పాదు పందిరంతా కమ్మేసి ఉంటుంది, ఒక్క పూత కనిపించదు. ‘ఆకే గాని కాయ లేదు’ అని పీకి పారేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మన నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గి రాత్రి పెరిగితేగాని పూతకు రాదు. ఇప్పుడే దాని రోజులు మొదలవుతున్నాయి. చామంతిదీ అదే లెక్క. రాత్రంతా వీధి దీపం వెలుగు పడేచోట చామంతి పెడితే మొగ్గ వేయడం ఆలస్యమవుతుంది. కుండీలో ఉంటే చీకటి పడే మూలకు జరపండి. తులసికి వెన్నులు ముదిరి ఉంటే తుంచేయండి, క్షీరాబ్ది ద్వాదశి నాటికి కొత్త చిగుళ్లు వేస్తుంది.

ఇక తీయాల్సినవి. బెండ ఆకుల్లో ఈనెలు పసుపు పచ్చగా మారి ఉంటే అది పల్లాకు తెగులు. దాన్ని తెల్లదోమ మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. వాటిని మొదట తీసి గోతిలో పూడ్చండి. మిగిలిన ఆకూ అలమూ తగలబెట్టకండి, ఒక మూల గుంటలో వేసి పైన కాస్త మట్టి, పేడనీళ్లు చల్లితే వేసవి నాటికి ఎరువవుతుంది. చెత్త పోగుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించడం మరిచిపోవద్దు. వానాకాలం చివర జెర్రులు, అప్పుడప్పుడు పాములు కూడా ఉంటాయి.

పీకిన ప్రతి మొక్క వేళ్లూ కడిగి చూడండి. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. అలసంద, గోరుచిక్కుడు వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. గోటితో గీకితే ఊడి వస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగు. అవి గాలిలోని నత్రజనిని పట్టిచ్చే బుడిపెలు. అందుకే ఆ మొక్కల్ని పీక్కుండా మొదలు దగ్గర కోసి, వేళ్లు నేలలోనే వదిలేస్తే మేలు. బెండ, వంగ, టమాటా వేళ్ల మీద కూడా కణుతులు కనిపించొచ్చు. ఇవి గోటికి ఊడవు, వేరు తానే ఉబ్బి ముడులు ముడులుగా ఉంటుంది. ఇది నేలలో ఉండి వేళ్లలో చేరే నులిపురుగు పని. ఆ మడిలో మళ్లీ వంగో టమాటానో పెడితే మొక్క ఎదగదు. మనం నీళ్లు చాలలేదనో, ఎరువు తక్కువైందనో అనుకుంటూ ఉంటాం.

అలాంటి చోట బంతి వేయండి. బంతి వేళ్లలో ఉండే పదార్థం నులిపురుగును అణుస్తుంది. ఒకటీ అరా పెడితే చాలదు, మడి మొత్తం ఒత్తుగా వేయాలి. దసరాకు గుమ్మానికి కట్టిన దండ ఎండిపోయి ఉంటే పారేయకండి. నాటు బంతి అయితే రేకు పట్టి లాగితే అడుగున నల్లగా సన్నగా, ఒక కొసన తెల్లటి కుచ్చుతో గింజలు వస్తాయి. నారు పోసుకుని మూడు నాలుగు వారాలకు నాటుకోండి. మొక్క నిలదొక్కుకున్నాక తల తుంచితే పక్కకొమ్మలు వేసి గుబురుగా పెరుగుతుంది. గింజలు ఇప్పుడే పోస్తే సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టే పూలు పెరట్లోవే కోసుకోవచ్చు. ఆలస్యమైందనుకుంటే నర్సరీలో నారు కొనుక్కోండి, తప్పేం లేదు.

తుంగను మాత్రం పైపైన పీకి ఊరుకోకండి. పైన ఆకు తెగుతుంది, కింద గడ్డలు దారానికి గుచ్చిన పూసల్లా ఒకదాని వెనక ఒకటి ఉండిపోతాయి. పీకినప్పుడు ఆ దారం తెగితే ప్రతి గడ్డా సొంతంగా మొలుస్తుంది. పదునులో పలుగుతో లోతుగా లేపి గడ్డలు ఏరి ఎండలో పడేయాలి. ఓపిక కావాలి. ఒక్క విడతలో పోదు కూడా.

తవ్విన మడిని నేలకు సమానంగా వదలకండి, జానెడు ఎత్తు లేపండి. వానలు అయిపోయాయి కదా అనిపిస్తుంది. నైరుతి వెళ్లినా ఈశాన్యం ఉంది, తుపాన్లు ఉన్నాయి. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్ నగర్ వైపు ఎన్ని రోజులు నీళ్లు నిలిచాయో మీకు తెలుసు. అంత వరదకు ఏ మడీ ఆగదు. కాని రెండు రోజుల ముసురుకు నీరు నిలిచినా వేళ్లకు గాలి ఆడదు, మొక్క కుళ్లుతుంది. ఎత్తు మడి దాన్ని తట్టుకుంటుంది.

ఎరువు బాగా మాగినదే వేయండి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు చేరుతుంది. చేతికి పొడిగా, మట్టి వాసన వేస్తుంటే మాగినట్టు. పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మడికి రెండు తట్టలు, అరకిలో వేపపిండి కలిపితే సరిపోతుంది.

తరవాత పాలకూర, మెంతి, ముల్లంగి, కొత్తిమీర వేసుకోండి. ధనియాలను అలాగే చల్లకుండా, చేత్తోనో చెప్పుతోనో మెల్లగా రుద్ది రెండు బద్దలయ్యాక ఒక రాత్రి నానబెట్టి చల్లండి. మెంతి నాలుగైదు రోజుల్లో కనిపిస్తుంది. కొత్తిమీరకు పది రోజులు పైనే పడుతుంది. అది రాలేదని మళ్లీ తవ్వేయకండి. మడి అంతా ఒకేసారి చల్లకుండా నాలుగు భాగాలు చేసి, పదిహేను రోజులకో భాగం చల్లుకుంటే ధనుర్మాసం పొడుగునా ఇంటి కొత్తిమీర ఉంటుంది.

సెలవు. నమస్కారం.