మాత్రకు లొంగని సైనస్: మందు చేరాల్సిన చోటికి చేరుతోందా?

(బెంగళూరు స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

సమన్వయకర్త: మారతహళ్లి నుంచి వచ్చిన ఈ సోదరి నాలుగేళ్లుగా యాంటీబయాటిక్ కోర్సులు వాడుతూనే ఉన్నారు. డాక్టర్ గారూ, మాత్రలకు లొంగని జబ్బు ముక్కు కడిగితే లొంగుతుందా?

ఈఎన్‌టీ వైద్యురాలు: లక్షణాలు 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటాము. అందులో చాలావరకు వాపుదే పెత్తనం కాబట్టి, యాంటీబయాటిక్ కంటే ముందు ఉప్పునీటి కడుగుడు, స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెడతాము. అసలు చిక్కు స్టెఫిలోకాకస్ ఆరియస్ (స్టెఫ్), సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా లోపలి పొరపై బయోఫిల్మ్ కట్టినప్పుడు వస్తుంది.

మైక్రోబయాలజిస్టు: బయోఫిల్మ్ అంటే నీళ్ల తొట్టి గోడకు పట్టిన పాకుడు లాంటిది, నీళ్లు మార్చినంత మాత్రాన అది వదలదు. పైగా ల్యాబ్ రిపోర్టులో ‘రెసిస్టెంట్’, అంటే మందుకు లొంగదు, అని రాసేది సాధారణంగా మాత్రతోనో ఇంజెక్షన్‌తోనో ఒంట్లో చేరగల మోతాదును దృష్టిలో పెట్టుకొని. అదే మందును కడిగే నీళ్లలో కలిపి నేరుగా ముక్కులో పోస్తే గాఢత ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది.

వైద్యురాలు: నిజమే, కానీ ద్వారం మూసుకుపోయిన సైనస్‌లోకి, అంటే ముఖం ఎముకల్లోని గాలి గదిలోకి, ఎంత పోసినా మందు వెళ్లదు. ఎండోస్కోపిక్ శస్త్రచికిత్సతో దారి వెడల్పయ్యాకే కడుగుడు మందుకు అర్థం ఉంటుంది. మ్యుపిరోసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ద్రావణంతో స్టెఫ్ కొంతకాలం కనుమరుగైనా, చాలామందిలో మళ్లీ తలెత్తింది. 2020 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు కూడా ముక్కులో వాడే యాంటీబయాటిక్‌ల ప్రయోజనం ఇంకా తేలలేదనే అన్నాయి. నా మట్టుకు నేను కల్చర్, అంటే ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే ల్యాబ్ పరీక్ష, చూడకుండా అలాంటి మందు రాయను.

సమన్వయకర్త: మీరు ఎలా కడుగుతున్నారమ్మా?

రోగి: ఆపరేషన్ అయ్యాక 240 మిల్లీలీటర్ల సీసాలో ఉప్పు పొట్లం కలిపి, సింకు మీదికి వంగి, నోరు తెరిచి నొక్కుతాను, ఒక ముక్కులో పోస్తే రెండో దానిలోంచి వస్తుంది. అరగంట తరువాత చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగితే, దాగిన నీళ్లు బొటబొటా కారతాయి. (నవ్వులు)

మైక్రోబయాలజిస్టు: ఏ నీళ్లు వాడుతున్నారు?

రోగి: మొదట్లో కుళాయి నీళ్లే వాడేదాన్నండి.

మైక్రోబయాలజిస్టు: అది ప్రమాదం. నేగ్లేరియా అనే అమీబా ముక్కు గుండా మెదడుకు చేరితే బతకడం అరుదు. కనీసం ఒక నిమిషం మరగనిచ్చి చల్లార్చిన నీళ్లో, డిస్టిల్డ్ వాటరో వాడాలి.

వైద్యురాలు: ఆ సీసా కొని ఎన్నాళ్లయింది?

రోగి: ఆపరేషన్ నాటిదేనండి, రెండేళ్లు.

వైద్యురాలు: అయ్యో, ఆయన చెప్పిన పాకుడు ఆ సీసా లోపల కూడా పట్టి ఉంటుంది. ఇవాళే మార్చెయ్యండి.