తాళాలు ఒకరి చేతికివ్వండి, ఒంటికి కాస్త టైమివ్వండి

శ్రోతలందరికీ నమస్కారం అండి. నేను చిన్న చిన్న వ్యాపారాలకి లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేసే మనిషిని, భీమవరం, పాలకొల్లు, రావులపాలెం, అంబాజీపేట, ఇలా గోదావరికి ఇటూ అటూ తిరుగుతూనే ఉంటాను. డాక్టర్ని కాదు గానీ వ్యాపారం చేసేవాళ్ళు తమ ఒంటి మీద ఎంత ఖర్చు పెట్టుకుంటున్నారో మాకు పుస్తకాల్లో తెలిసిపోద్దండి. ఏడాదంతా జెనరేటర్ డీజిలు, కూలీల జీతాలు, బండి రిపేర్లు, పండక్కి స్టాఫ్‌కి బట్టలు, అన్నీ రాసుంటాయి, ఓనరు పేరు మీద ఒక్క రక్తపరీక్ష బిల్లు ఉండదు, ఆ తర్వాత ఉన్నట్టుండి ఏదో ఒక నెలలో ఆస్పత్రికని లక్షల్లో డబ్బు తీసేస్తారు, ఆ నెల నుంచి వ్యాపారం కూడా కిందకే. ఇది చాలా ఇళ్ళల్లో చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

ఇవాళ నేను చెప్పేది ఒకటేనండి. వ్యాపారం చేసేవాళ్ళు ఒంటిని చూసుకోవాలంటే ముందు తాళాలు ఇంకొకరి చేతికి ఇవ్వడం నేర్చుకోవాలి. నడవండి, టైముకి తినండి అని అందరూ చెప్తారు, అవి తెలియక ఎవరూ మానెయ్యలేదు. షాపు తాళం, గల్లాపెట్టె, ఆర్డర్లొచ్చే ఫోను, సరుకు చూసుకునే పని, అన్నీ ఒక్క మనిషి దగ్గరే ఉంటే ఆ మనిషికి జ్వరమొచ్చినా పడుకునే వీలుండదు, ఇంక నడకెక్కడ.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక లెక్క బయటపెట్టాయి. వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవాళ్ళకి 35-40 గంటలు చేసేవాళ్ళ కంటే పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ అని. మన బజార్లో పొద్దున్న ఎనిమిదికి షట్టరెత్తి రాత్రి తొమ్మిదిన్నరకి దించేవాళ్ళు, ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా కూర్చునేవాళ్ళు, మీరే లెక్కేసుకోండి, ఎనభై గంటలు దాటిపోతాయి.

రొయ్యల చెరువుల వాళ్ళది ఇంకా కష్టమండి. పగలు చెరువులో నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి ఎండ ఉండదు కాబట్టి ఆ నాచు కూడా నీళ్ళల్లో ఆక్సిజనే వాడుకుంటుంది, అందుకని తెల్లారగట్ల డీవో, అంటే నీళ్ళల్లో కరిగున్న ఆక్సిజన్, బాగా పడిపోద్ది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి జెనరేటరు అందుకోలేదా, రొయ్య తేలిపోద్ది, ఒక్క రాత్రిలో పంట మొత్తం పోతుంది. అందుకే ఆసామి చెరువు గట్టు మీద షెడ్డులోనే పడుకుంటాడు. నీళ్ళల్లో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నంతసేపూ నిద్రపోతాడు, ఆ చప్పుడు ఆగిందంటే ఉలిక్కిపడి లేస్తాడు, టార్చి పట్టుకుని జెనరేటర్ దగ్గరికి పరుగు, అది స్టార్టయ్యాక చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా అని వెలుతురులో పెట్టి చూస్తాడు. రొయ్య పేగు చూసినంత శ్రద్ధగా తన కడుపు సంగతి చూసుకోడు.

నాకు తెలిసిన ఒక చెరువు ఆసామి పన్ను పీకించుకుందామని వెళ్తే అక్కడ బీపీ చూసి 170/110 ఉంది, ముందు ఇది తగ్గించుకుని రండి అన్నారట. నలభై దాటిన మనిషి, అప్పటిదాకా బీపీ పట్టీ చేతికి కట్టించుకోలేదు. మందులు మొదలెట్టాడు, బాగానే ఉంది, కానీ రాత్రి నిద్ర లేకపోతే ఎలా? అప్పుడు పక్కపక్కన చెరువులున్న నలుగురూ కూర్చుని వంతులేసుకున్నారు. ఒక రాత్రి ఒకరు నలుగురి చెరువులూ చూడాలి, రెండింటికోసారి నాలుగింటికోసారి డీవో చూసి నోట్‌బుక్కులో రాయాలి, నాలుగు పీపీఎంకి దిగితేనే మిగతావాళ్ళకి ఫోన్ చెయ్యాలి. మొదట్లో నా చెరువు నేను చూసుకున్నట్టు వాడు చూస్తాడా అని ప్రతివాళ్ళకీ అనుమానమే. ఆయనే చెప్పాడు నాకు, “ఆయ్, మొదటి వారం ఇంటికాడ పడుకున్నా కన్ను మూతపడలేదండి, ఏరియేటర్ చప్పుడు లేక.” ఇప్పుడు నాలుగు రాత్రుల్లో మూడు రాత్రులు ఇంట్లోనే పడుకుంటున్నాడు. ఆ నోట్‌బుక్కు పుణ్యమా అని చెరువు ఎప్పుడు ఎలా ఉందో కూడా ముందుకంటే బాగా తెలుస్తోందన్నాడు.

సెలవు సంగతికొద్దాం. దాళ్వా, అంటే రెండో పంట, కోతలైపోయాక ఏటా వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా. పూడిక తియ్యాలన్నా, గుర్రపుడెక్క లాగాలన్నా, లాకుల తలుపులు బాగుచెయ్యాలన్నా నీళ్ళు పారుతుండగా కుదరదు. ఫలానా తేదీన కట్టేస్తున్నారని ముందే చెప్తారు కాబట్టి ఊళ్ళల్లో మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. కొట్టు కూడా అంతేనండి, ఏడాదిలో ఫలానా వారం మూసేస్తున్నామని నెల ముందే బోర్డు పెడితే కస్టమర్లు సరుకు ముందే పట్టుకెళ్తారు, ఎక్కడికీ పోరు. వాళ్ళకి ఇబ్బందయ్యేది మీరు చెప్పకుండా మంచాన పడితేనే.

ఆడవాళ్ళ విషయం విడిగా చెప్పాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆన్‌లైన్ ఆర్డర్లు పెరిగాయి, సంతోషమే. కానీ బోర్లించిన కుండ కింద మంట పెట్టుకుని, పల్చటి గుడ్డ పిండిలో ముంచి కుండ మీద పరిచి, ఒక్కో రేకూ తీస్తూ ఆ సెగ దగ్గర గంటలకొద్దీ కూర్చునేది ఒక మనిషి కదా. నడుం, మోకాళ్ళు, పొగకి కళ్ళు. పైగా రాత్రి కూర్చుని ప్యాకింగు, అందరూ తిన్నాక ఆఖర్న భోజనం. అమ్మా, ఒక్కసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి, 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు, మీరు పని అలసట అనుకుంటున్నది అది కావచ్చు. వాట్సాప్ బిజినెస్‌లో ఆర్డర్లు పది నుంచి ఆరు దాకానే అని దానంతటదే జవాబు వెళ్ళేట్టు పెట్టుకోవచ్చు, ఇంట్లో పిల్లల్ని అడిగితే రెండు నిమిషాల్లో పెట్టిస్తారు. రాత్రి పదకొండింటికి రేటెంత అని అడిగినవాళ్ళకి పొద్దున్న చెప్తే కొంపలేం మునిగిపోవు.

ఇంకొన్ని అంకెలు గుర్తుపెట్టుకోండి. బీపీ రెండు మూడు సార్లు వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 గానీ ఆ పైన గానీ ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. పరగడుపున సుగరు 126, ఆ పైన వస్తే మధుమేహం అంటారు, 100 నుంచి 125 మధ్యలో ఉంటే ఇంకా జాగ్రత్తపడే టైముంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలంటున్నారు, ఒకేసారి కుదరకపోతే కాలవ గట్టు మీద పొద్దున్న పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు నడవండి. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటొద్దు, అంటే చిన్న చెంచాడు, అందులో ఆవకాయలో ఉన్నదీ లెక్కేనండి.

మనసు సంగతి మనవాళ్ళు అస్సలు మాట్లాడరు. 2025 ఆగస్టులో అమెరికా మన దేశం సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్ళినప్పుడు రొయ్య రేటు ఏమైపోతుందోనని ఎంతమంది నిద్ర మానుకున్నారో నాకు తెలుసు. అప్పు ఎంతుందో భార్యకి చెప్పరు, అన్నదమ్ములకి చెప్పరు, నాకు చెప్తారు, అదీ సంతకాలు పెట్టాల్సొచ్చింది కాబట్టి. దయచేసి ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. చెప్పుకోలేని పరిస్థితైతే టెలి మానస్ అని 14416 నంబరుంది, పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నా పనికి సంబంధించిన మాట కూడా చెప్పాలి కదండీ. ఇన్‌కమ్ ట్యాక్స్ పాత పద్ధతిలో కట్టేవాళ్ళకి ముందస్తు ఆరోగ్య పరీక్షలకి 5,000 దాకా మినహాయింపుంది, దీన్ని వాడుకునేవాళ్ళు నాకు బహు తక్కువ తగులుతారు. వ్యక్తిగత హెల్త్ ఇన్సూరెన్స్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు, పాలసీ వాయిదా వేస్తూ వచ్చినవాళ్ళు ఇప్పుడు తీసుకోండి.

నెలనెలా జీఎస్టీ 3బీ రిటర్ను వేసేవాళ్ళకి 20వ తారీఖు ఆఖరు కదా, అది అయిపోయిన మర్నాడు పొద్దున్న కొట్టు తాళాలు ఇంట్లో వాళ్ళకో నమ్మకమైన కుర్రాడికో ఇచ్చి, రాత్రి భోజనం తర్వాత ఎనిమిది గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకుండా, టీ కూడా తాగకుండా, దగ్గర్లో ఉన్న ల్యాబ్‌కి వెళ్ళండి. పాత రిపోర్టులుంటే పట్టుకెళ్ళండి, రిజల్టు ఫోన్‌కి వస్తుందిలే అని వదిలెయ్యకుండా ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి. ఉంటానండి, నమస్కారం.