గజిబిజి అక్షరాలను చదవడం నేర్చుకుందాం

అందరికీ నమస్కారం.

కమాండ్లు టైపు చేసే టెర్మినల్ కిటికీలో తెలుగు ఫైలు తెరిచాం. అక్షరాల బదులు ప్రశ్నార్థకాలో, డబ్బాలో, అర్థంకాని గుర్తుల వరుసో వచ్చింది. ఫైలు పాడైందని టెన్షన్ పడి, అలాగే ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేసేస్తాం. దయచేసి ఆ ఒక్క పనీ చేయకండి. ఎక్కువసార్లు ఫైలు బాగానే ఉంటుంది, దాన్ని చదివే ప్రోగ్రామే తప్పు చదువుతుంటుంది. ఆ తప్పును సేవ్ చేసినప్పుడే ఫైలు నిజంగా పాడవుతుంది. నేను రాసుకున్న నోట్సు కొంత అలాగే పోయింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఆ గజిబిజినే తేరిపార చూడండి. అన్ని లిపుల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకు 128 స్థానాలున్నాయి. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్, యూటీఎఫ్-8. అందులో మన అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా మూడేసి బైట్లు. మొదటి బైటు, హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో), ఎప్పుడూ ఈ0, అంటే ఇంగ్లిష్ ‘ఈ’, పక్కన సున్నా. రెండోది బీ0 లేదా బీ1. వీటిని పశ్చిమ ఐరోపా భాషల కోసం చేసిన పాత లాటిన్-1 పద్ధతిలో చదివితే ఈ0 నెత్తిన ఏటవాలు గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ ‘ఏ’ అవుతుంది. బీ0 డిగ్రీ గుర్తు, బీ1 ప్లస్-మైనస్ గుర్తు. ఆ జంటలే పదేపదే కనిపిస్తున్నాయంటే ఊపిరి పీల్చుకోండి, తెలుగు భద్రంగా ఉంది. టెర్మినల్ సెట్టింగుల్లో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కి మారిస్తే చాలు.

నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం వస్తే సంగతి వేరు. టెర్మినల్ యూటీఎఫ్-8 కోసం చూస్తోంది, వస్తున్న బైట్లు అలా లేవు. బైట్లు లెక్కపెట్టి కత్తిరించే కమాండు అక్షరాన్ని మధ్యలో తెంపినా ఇదే కనిపిస్తుంది. లేదా ఫైలు వేరే ఎన్‌కోడింగ్‌లో ఉండొచ్చు. అప్పుడు ఎన్‌కోడింగ్ మార్చే కమాండు ఐకాన్వ్‌తో మార్చి, ఫలితాన్ని కొత్త ఫైలులోకి పంపండి, అసలు ఫైలును ముట్టుకోవద్దు. యూనికోడ్‌కు ముందు ప్రత్యేక ఫాంట్లతో టైపు చేసిన తెలుగుకు మాత్రం ఐకాన్వ్ పనికిరాదు. అక్కడ దాచినవి ఇంగ్లిష్ గుర్తులే, తెలుగు రూపం ఫాంట్‌లో ఉంది. ఆ ఫాంట్‌కు తగ్గ కన్వర్టరే కావాలి.

డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదన్నమాట. నోటో సాన్స్ తెలుగు లాంటిది వేసుకోండి. ఒత్తులు విడిపోయి కనిపించడం కూడా ఎన్‌కోడింగ్ తప్పు కాదు. టెర్మినల్ తెరను సమానమైన గళ్లుగా విడగొడుతుంది, మన ఒత్తులూ గుణింతాలూ ఆ గళ్లలో ఒదగవు. అదే ఫైలును మామూలు ఎడిటర్‌లో చూస్తే తేడా తెలుస్తుంది. గ్రాఫిక్స్ లేని కన్సోల్‌లోనైతే ఫాంట్‌కు మొత్తం 512 రూపాలే పరిమితి. అక్కడ తెలుగు కోసం సమయం పోగొట్టుకోకండి.

ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండు కొడితే ఫైలు పేరు బదులు డాలర్ గుర్తు, 340, 260 లాంటి అంకెలు వస్తున్నాయా? ఆ 340 మన ఈ0నే, ఆక్టల్‌లో (ఎనిమిది అంకెల లెక్కలో) రాసింది. లొకేల్, అంటే భాష, ఎన్‌కోడింగ్‌ల సెట్టింగు, ఇంగ్లిష్ అక్షరాలే తెలిసిన ‘సీ’ అయిపోయిందన్నమాట. లొకేల్ అని కొట్టి అట్టడుగు వరుస చూడండి. అది ఎల్‌సీ ఆల్ అనే సెట్టింగు. దానికి విలువ ఉంటే అదే చెల్లుతుంది, తర్వాత ఎల్‌సీ సీటైప్, ఆఖర్న లాంగ్. లాంగ్‌ను ఎన్నిసార్లు సరిదిద్దినా ఫలితం లేదంటే, ఎల్‌సీ ఆల్‌ను ఎక్కడో ఎవరో పెట్టి ఉంటారు. ఎస్‌ఎస్‌హెచ్‌తో వేరే మెషిన్‌లోకి వెళ్లినప్పుడు మన లొకేల్ పేరు వెంట వెళ్లొచ్చు, ఆ లొకేల్ అక్కడ ఉండకపోవచ్చు. అక్కడ ఏమున్నాయో లొకేల్ మైనస్ ఏ చూపిస్తుంది. వాటిలో సీ డాట్ యూటీఎఫ్-8 ఉంటే అది చాలు.

ఇప్పుడు మీ మెషిన్లలో లొకేల్ కొట్టండి. అట్టడుగు వరుస ఖాళీగా లేనివాళ్లు చెయ్యెత్తండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.