టీబీ క్రిమి ఒంట్లో ఉంటే టీబీ వచ్చినట్టేనా?

"ప్రపంచంలో ప్రతి నలుగురిలో ఒకరికి టీబీ!" ఈ పోస్టర్ ఎవరు షేర్ చేసినా నాకు ఒళ్లు మండుతుంది. ఆ నాలుగో వంతు మంది ఒంట్లో క్రిమి ఎప్పుడో ఒకప్పుడు చేరిందని అంచనా, అంతే. జబ్బు పడ్డవాళ్ల లెక్క వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2023కి అది కోటీ 8 లక్షలు, చనిపోయినవాళ్లు 12.5 లక్షలు. ఇవి చాలవా భయపెట్టడానికి?

నివురుగప్పిన నిప్పును తలచుకోండి. గాలితో పాటు క్రిమి ఊపిరితిత్తుల్లోకి వెళ్లగానే రక్షణ కణాలు చుట్టూ మూగి దాన్ని కప్పేస్తాయి. అదీ నివురు. కొందరిలో నిప్పు అక్కడే ఆరిపోతుంది. చాలామందిలో లోపల అలాగే ఉంటుంది. దగ్గుండదు, జ్వరముండదు, ఇంకొకరికి అంటదు. ఇలాంటి వందమందిలో జీవితం మొత్తమ్మీద జబ్బు పడేది 5 నుంచి 10 మంది.

మరి నివురు ఎప్పుడు చెదురుతుంది? హెచ్‌ఐవీ పెనుగాలి లాంటిది. షుగర్, పొగాకు, మద్యం కూడా గాలులే. చాలినంత తిండి లేకపోవడం ఇంకో పెద్ద గాలి. దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ, బహుశా అది మాత్రలతో తీరేది కాదు కాబట్టి! 2023 కేసుల్లో సగానికి పైగా ఐదు దేశాలవే: ఇండియా, ఇండోనేషియా, చైనా, ఫిలిప్పీన్స్, పాకిస్తాన్. ఇండియా వాటా ఒక్కటే 26 శాతం.

ఇక నిప్పు రాజుకుంటే? రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు, జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం. ఊపిరితిత్తుల టీబీ దగ్గుతో గాలిలోకి వస్తుంది. రోగి కంచం, గ్లాసు విడిగా పెట్టే మహానుభావులూ, అంటేది గాలి ద్వారా! కంచాన్ని వదిలేసి కిటికీ తెరవండి.

మామూలు కోర్సు ఆరు నెలలు. అన్నాళ్లెందుకు? ఈ క్రిమి ఒకటి రెండు కావడానికే దాదాపు రోజు పడుతుంది. పెరగకుండా పడుకున్న క్రిమిని చంపడం మందులకు కష్టం. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, అంటే మంట ఆరింది. కణికలు ఇంకా ఉన్నాయి. అప్పుడు మానేస్తే మళ్లీ రాజుకుంటుంది, ఈసారి మందులకు లొంగకపోవచ్చు కూడా.

టీబీకి వేసే టీకా బీసీజీ 1921 నుంచి ఉంది. చిన్నపిల్లల్లో మెదడు పొరల టీబీని బాగా ఆపుతుంది, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని అంతగా ఆపలేదు. క్రిమి ఒంట్లో చేరిందా అని చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్ వస్తే టెన్షన్ పడకండి. బీసీజీ వేయించుకున్నా అలా రావచ్చు. జబ్బు ఉందో లేదో తేల్చేది ఎక్స్‌రే, కఫం పరీక్ష. ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల టీబీ ఉంటే మిగతావాళ్లూ చూపించుకోవాలి, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలు. నివురు కింద ఉండగానే నిప్పును ఆర్పే మందులు ఉన్నాయి.